తెలుగు ఒకటి

మార్చి నెల, నెల్లూరు.
కాగితాలు ఎగిరిపోతాయని
కాలేజీ హాల్లో ఫ్యాన్లు ఆపేశారు.
ఇనుప జాలీకి ఇవతల, స్టూలు మీద నేను,
కనిగిరి మాలకొండయ్య తరఫు ఏజెంటుని.
మెడలో కార్డు, జేబులో గ్యాసు మాత్రలు.

మామూలు ఓట్లయితే మధ్యాన్నానికే తేలిపోను.
ఇవి వరస ఓట్లు.
ఎవరు ముందు, వాళ్లు కాకపోతే ఎవరు,
వాళ్లూ కాకపోతే ఇంకెవరని
డిగ్రీ చదివిన ప్రతి మనిషీ
మనసులో మాటను మెట్లు మెట్లుగా దింపిన కాగితాలు.
యాభైకొక కట్ట. కట్టకొక రబ్బరు బ్యాండు.

మొదటి రోజు సాయంత్రం నాలుగో టేబులు దగ్గర
కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లాడు
ఒక కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
"అరసున్నా లాగుంది మేడం" అన్నాడు.
చెల్లనివాటి ట్రే వైపు చెయ్యి సాగింది.

జాలీ కన్నాల్లోంచి చూశాను.
ఊదారంగు స్కెచ్ పెన్నుతో
హైమావతి పేరుకెదురుగా ౧.
కింద, మా మాలకొండయ్యకెదురుగా ౨.

ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పాను.
ఈ అంకెలు పరీక్షకి రావు సార్ అంటుంటే
పరీక్షకి రాకపోతే పోనీ, చేతికి రానీ అని
దిద్దించినవాణ్ణి.
ఈ చుట్టుపక్కల ఇంకెవరు రాస్తారు ఇట్లా?
ఒకటి వంపు నా వంపే.
రెండు తోక నా తోకే.
ఎవరో నా దగ్గర చదివిన బిడ్డ
నేను ఎండలో తిరిగి ఓట్లడిగిన మనిషిని
రెండో మెట్టు మీద కూచోబెట్టింది.

నోరు మూసుకుంటే సరిపోయేది.
పక్కన హైమావతి ఏజెంటు కునికిపాట్లు పడుతున్నాడు.
మాత్ర చప్పరిస్తూ
కాసేపు నేనూ ఏమీ చూడనివాణ్ణే.

"అమ్మా, అది ఒకటి" అన్నాను.
"తెలుగు ఒకటి. చెల్లుతుంది, రూల్సు చూడండి."

రెవెన్యూ మేడం మస్తాన్‌బీ
పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివింది.
ఒకటి అని అక్షరాల్లో రాస్తే చెల్లదు.
అంకె వేస్తే, మన భాషదైనా చెల్లుతుంది.
కాగితాన్ని జాలీకి ఆనించి
అందరికీ చూపించి
హైమావతి కట్టలో పెట్టింది.
కునికేవాడు ఉలిక్కిపడి "ఏంది, ఏమైంది?" అన్నాడు.

రెండో రాత్రంతా
అడుగునున్నవాళ్లను ఒక్కొక్కరినే దించుతూ వచ్చారు.
దిగినవాడి కట్టలు విప్పి
రెండో అంకె వెతికి ఇంకొకరి ట్రేలోకి.
రెండు వెయ్యనివి ఒక మూలకు చేరాయి,
ఆ ఒక్కరు తప్ప లోకంలో ఎవరూ వద్దనుకున్నవాళ్లవి.

కోడి కూసే వేళకి బోర్డు మీద:
హైమావతి, ఆరు వేల నాలుగొందల పద్దెనిమిది.
మాలకొండయ్య, ఆరు వేల నాలుగొందల పదిహేడు.

మళ్లీ లెక్కపెట్టమన్నాను.
మస్తాన్‌బీ విసుక్కోలేదు. మొహం కడుక్కొచ్చి
ప్రతి కట్టా విప్పింది, ప్రతి కాగితం
జాలీకి ఆనించింది.
నా ౧ కూడా వచ్చింది, నన్ను చూసి పోయింది.
తెల్లారాక తేలింది, మళ్లీ అదే ఒకటి తేడా.

ట్రంకు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర
మాలకొండయ్యకి ఉన్నదున్నట్టు చెప్పాను.
గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయాడు.
"నువ్వు చెప్పకపోతే?"
"సమానం. చీటీ వేసేవాళ్లు."
"నా మొహానికి చీటీలోనూ పోయేదేలే."
మళ్లీ కాసేపటికి,
"మా నాయన టంగుటూరుకి పొగాకు తోలేవాడు.
కొనేవాడు ముల్లుకి అడ్డంగా నిలబడి తూచేవాడు.
పక్కకి జరగవయ్యా అనడానికి
మా నాయనకి నోరొచ్చేది కాదు."
ఇంకేమీ అనలేదు. నా టీకి కూడా ఆయనే ఇచ్చాడు,
చిల్లర మాత్రం రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

కనిగిరి బస్సులో కిటికీ పక్క సీటు.
హైమావతి ఇంకా బరిలో ఉంది గనక
ఆ కాగితంలో ౨ దాకా ఎవరూ పోరు.
అద్దం మీద దుమ్ములో
వేలితో వేసి చూసుకున్నాను.
తోక కొంచెం పొడుగైంది.